పాటనుండి పుట్టిన కత్తి

రేడియో నాటకములో కత్తి కంటికి కానరాదు. ఒరనుండి దూసిన చప్పుడు వినబడును. పాత్రధారి గొంతు మారును. మిగిలినదంతయు శ్రోత తన మనసులో తానే చూచుకొనును. ఇట్లే మాటలతోనే నడచు ఆట యొకటి నేటి యువతీయువకులను ఆకర్షించుచున్నది. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. ఒకరు సూత్రధారియై కథాలోకమును వర్ణింతురు. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో చెప్పుదురు. చేసిన ప్రయత్నము ఫలించినదో లేదో పాచిక తేల్చును. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రూపొందించగా 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ తరహా ఆటలు ప్రసిద్ధికి వచ్చినవి.

ఈ ఆటలలో మంత్రాయుధములు కోకొల్లలు. కాని పెక్కింటి మహిమ ఒక అంకెతో ముగియును. ఇరువది ముఖముల పాచికపై పడిన సంఖ్యకు ఆయుధము ఒకటి కలిపినచో, గెలుపు అవకాశము సాధారణముగా నూటికి 5 పాళ్లు పెరుగును. అంతే. అది ఎవరి కత్తియో, ఎందుకు పుట్టినదో రెండవనాటికి ఎవరికిని గుర్తుండదు. మన కథాగేయములలోని ఆయుధములు అట్టివి కావు. వాటికి పేరు కలదు, పూర్వకథ కలదు, పట్టినవానికి ఒక కట్టుబాటు కలదు. కనుక పాటనుండి ఆయుధమును తయారుచేయు పద్ధతిని ఒక ఉదాహరణముతో వివరింపదలచితిమి.

సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములందు పరిశ్రమలలో పనిచేయుటకు నలుమూలల జిల్లాలనుండి జనులు వచ్చి స్థిరపడినారు. ఒకే వరుస యిండ్లలో కొమురవెల్లి మల్లన్న ఒగ్గుకథ విన్నవారును, పల్నాటి వీరుల కథ విన్నవారును, సర్వాయి పాపన్న పాట విన్నవారును ఉండవచ్చును. పాటలు వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఇరుగుపొరుగునకు వెళ్లి అడిగిన చాలును.

మేము పాపన్న పాటను ఎన్నుకొంటిమి. గీతవృత్తిలో పుట్టిన పాపన్న, కులవృత్తిని కాదని దండు కూర్చి, నేటి జనగామ జిల్లాలోని షాపురము కోటను స్థావరముగా చేసికొనెను. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టెను. 1710లో మొగలు ప్రభుత్వము అతనికి మరణదండనము విధించినది. ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో అతడు బందిపోటు. జనుల పాటలో వీరుడు. 1874లోనే జె.ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు ఈ పాటను 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో పరిచయము చేసెను.

ఆయుధమునకు మొదట రూపము కావలెను. రత్నఖచిత ఖడ్గమును ఊహించుట సులభము. కాని అది పాపన్నది కానేరదు. మేము ఎన్నుకొన్నది గీతకత్తి. ఇది పాటలోని మాట కాదు, మా కల్పన. మోకు, ముస్తాదు, లొట్టితోపాటు గీతకార్మికునికి కావలసిన పనిముట్టు అది. దాని గుణము దాని పనిలోనే కలదు. తాటిగెలను ఒక్క వేటుతో నరుకరు. దినదినము పలుచగా గీయుదురు. గీత లోతైనచో గెల చెడును. కావున మన కత్తి మొదటి దెబ్బకు పర్వతములను చీల్చరాదు. దాని బలము ఓర్పునందు ఉండవలెను.

రెండవది, పాట ఆయుధమునకు అలంకారముగా మిగిలిపోరాదు, దానిని నడపవలెను. బుర్రకథలో కథకుడు ఒంటరి కాడు. ఇరుప్రక్కల వంతలు అందుకొన్నగాని కథ సాగదు. కాబట్టి నియమ మిది: కత్తి పట్టినవాడు పాట ఎత్తుకొనగా, ఇద్దరు సహచరులు ఆ విడత తమ దెబ్బను వదలుకొని వంత పాడవలెను. ఒక్కొక్క వంతకు పాచిక సంఖ్యకు 2 కలుపవలెను.

ఇక లెక్క చూతము. శత్రువును తాకుటకు పాచికపై 13 గాని అంతకు మించి గాని పడవలెననుకొందము. అవకాశము నూటికి 40. దెబ్బ విలువ 4 అయినచో, ముగ్గురును విడివిడిగా కొట్టిన విడతకు సగటున 4.8 నష్టము కలుగును. ఇద్దరు వంత పాడినపుడు 9 పడిన చాలును, అవకాశము 60. తగిలిన మొదటి గీత విలువ 4, రెండవది 8, మూడవది 12 అని ఏర్పరచినచో, సగటులు వరుసగా 2.4, 4.8, 7.2 అగును. మొదట నష్టము, పిమ్మట సమానము, ఆ తరువాత లాభము. తగులని దెబ్బకు గీత పెరుగదు, తరుగదు. వంత తెగినచో మరల మొదటి గీతయే. ఒక్కడు వీరుడగుటకు ఇద్దరు తమ వంతును వదలుకొనుచున్నారని ఆటగాండ్రు ప్రతి విడతయందును తెలిసికొందురు.

మూడవది కట్టుబాటు. పాపన్నపై చరిత్ర పలికిన తీర్పును, పాట పలికిన తీర్పును రెండింటిని ఈ కత్తి మోయవలెను. అన్యాయము చేయని నిరుపేదపై దానిని ఎత్తినచో, ఆనాటికి అది వట్టి పనిముట్టుగా మారిపోవును. అప్పుడు ఆటలో వాదము పుట్టును: ఎదుటివాడు శత్రువా, మనవంటి కూలివాడా? ఆ వాదమే ఆయుధము ఇచ్చు ఫలము.

ఒక హెచ్చరిక అవసరము. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధములకు నేటికిని పూజలు జరుగును. పెక్కు తావులందు వీరభద్రుని ఉత్సవములలో కత్తి చేబూని పలుకు స్తుతివాక్యములకే 'ఖడ్గములు' అని పేరు. ఈ పారిశ్రామిక ప్రాంతమునందే బొంతపల్లి వీరభద్రస్వామి ఆలయము కలదు. పూజలో ఉన్నదానిని పాచికలాటకు దింపరాదని మా అభిప్రాయము. గీతకత్తిని గూర్చియు పరిహాసము తగదు. చెట్టునుండి పడి గీతకార్మికులు ప్రాణములు కోల్పోవుచుండుటచేతనే తెలంగాణ ప్రభుత్వము 2024లో 'కాటమయ్య రక్షణ కవచము' పేరిట భద్రతాసామగ్రి పంపిణీని ఆరంభించినది.

మీ యింట ఇట్టి ఆట ఆడు పిల్లలున్నచో, అది కాలహరణమని త్రోసిపుచ్చక ముందు, మీకు తెలిసిన వీరగాథ నొకదానిని వారికి పాడి వినిపింపుడు. చరణములు మరచినచో పొరుగువారి నడుగుడు. కాగితముపై వ్రాసికొన్న నియమము ఆయుధమునకు లెక్క నిచ్చును గాని గొంతు నీయజాలదు. వంత యెట్లు అందుకొనవలెనో తెలిసిన పెద్దలు ఇంకను మన మధ్య ఉన్నారు. అడుగువారు ఉన్నపుడే వారు పాడుదురు.