మేక నోటికి అందనంత ఎదిగితేనే మొక్కకు బతుకు

పెద్దేముల్: వానాకాలం వచ్చిందంటే పల్లెల్లో రెండు పనులు ఒక్కసారే మొదలవుతాయి. ఒకవైపు గుంతలు తవ్వి మొక్కలు నాటుతారు. మరోవైపు చేలన్నీ కంది, పత్తితో నిండిపోగా మేపుకు చోటు లేక జీవాలను బీళ్లకు, అడవి అంచులకు తోలుకుపోతారు. లేత మొక్క, ఆకలిగొన్న మేక ఎదురుపడేది అక్కడే.

హరితహారం 2015 జూలైలో మొదలైంది. గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చే పథకం 2017 జూన్‌లో వచ్చింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచులపై, కార్యదర్శులపై పెట్టింది. ఊరికి మొక్కలూ కావాలి, జీవాలూ కావాలి.

2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో మొక్కలు మేసినందుకు రెండు మేకలను పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు. యజమాని వెయ్యి రూపాయల జరిమానా కట్టి విడిపించుకున్నాడు. జరిమానా కాపరికి పడింది గాని, మేక ఆకలి తీరలేదు.

గొర్రె ఎక్కువగా గడ్డి మేస్తుంది. మేకకు ఆకు, చిగురు ఇష్టం. నర్సరీలో ఎరువు, నీరు తాగి పెరిగిన మొక్క ఆకు మెత్తగా ఉంటుంది గనుక ముందు దానికే నోరు పెడుతుంది. వెనుక కాళ్లపై లేచి అయిదారు అడుగుల ఎత్తు అందుకుంటుంది. తల చిగురు తెగిన మొక్క పక్కకు గుబురవుతుంది తప్ప పైకి పోదు. దుప్పులు, మనుబోతులు తిరిగేచోట బెడద మరింత ఎక్కువ. వాటిని వేటాడటం 1972 చట్టం ప్రకారం నేరం. కాబట్టి కాపాడుకోవలసింది మొక్కనే.

మొక్క నాటేముందు నేలను నున్నగా చెక్కివేయడం పెద్ద పొరపాటు. రేగు, పరికి వంటి ముళ్లపొదలను అక్కడక్కడ వదిలి, వాటి చాటున నాటితే పశువు నోరు తేలిగ్గా చేరదు. మొక్కకు ఊపిరాడేంత మేరకే చుట్టూ కలుపు తీస్తే చాలు. పశువులు పెద్దగా ముట్టని కానుగ, సీతాఫలం, టేకులను అంచు వరుసల్లో, మేతకు ఇష్టమైన వాటిని లోపలి వరుసల్లో పెట్టుకోవచ్చు. చుట్టూ కందకం తవ్వితే పశువులను ఆపుతుంది, వాననీటిని నిలుపుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం వంతుల పద్ధతి. ఉన్న బీడంతా ఒకేసారి మూసేస్తే కాపరి ఎక్కడికి పోవాలి? ఒక భాగం మూసి, మిగిలినది మేపుకు వదలాలి. మూసిన భాగంలో పెరిగే గడ్డిని కోసుకుపోయే హక్కు కాపరులకే ఇవ్వాలి. 1992 నుంచి ఏర్పడిన వన సంరక్షణ సమితుల్లోనూ గడ్డి, వంటచెరకు సభ్యులకే దక్కేలా చూశారు. చెట్ల తలలు నోటికి అందనంత ఎదిగాక ఆ భాగం తెరిచి, మరో భాగం మూయాలి. గట్లపై సుబాబుల్, అవిసె పెంచితే మేకలకు కోత మేత దొరుకుతుంది.

గుంతలు తవ్వకముందే కాపరులను పిలిచి, ఏది మూయాలో, ఏది వదలాలో గ్రామసభలో తేల్చుకోవడం మేలు. మొక్క నాటిన చోట రోజూ తిరిగేది వారే. వారు తలచుకుంటే అంతకు మించిన కంచె లేదు.