బస్తర్ ఉక్కు: నియంత్రణ యంత్రాల నవీకరణ

బస్తర్ అనగానే దండకారణ్యం, దసరా ఉత్సవం, చిత్రకోట్ జలపాతం స్మృతికి వస్తాయి. విశాఖపట్నం వాసులకు మాత్రం బైలదిల్లా ఇనుప ఖనిజమే ముందుగా గుర్తుకు వస్తుంది. 1968లో అక్కడి గనిలో ఉత్పత్తి ఆరంభమైన నాటినుండి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా ఆ ఖనిజం సముద్రతీరానికి దిగివచ్చి, జపానుకు ఎగుమతి అవుతూ వచ్చినది. దానిని బస్తర్‌లోనే ఉక్కుగా మార్చాలన్న ఆశయం చాలాకాలానికి గాని నెరవేరలేదు. హైదరాబాదు ప్రధాన కార్యాలయంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, జగదల్‌పూర్‌కు సమీపంలోని నగర్‌నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారాన్ని నిర్మించినది. 2023 ఆగస్టులో తొలి ఉక్కు చుట్ట వెలువడగా, అక్టోబరు 3న ప్రధానమంత్రి ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

ఇటువంటి కర్మాగారంలో నీటి పంపులు, వాయు కవాటాలు, కన్వేయర్లు, రోలింగ్ మిల్లు - అన్నీ పి.ఎల్.సి. అని వ్యవహరించే చిన్న నియంత్రణ యంత్రాల ఆజ్ఞలకు లోబడి నడుస్తాయి. బైలదిల్లా గని మొదలైన 1968లోనే డిక్ మోర్లే అనే అమెరికన్ ఇంజనీరు ఈ యంత్రాన్ని ఊహించడం ఒక చిత్రమైన కాకతాళీయం. గోడ పొడవునా పరచుకొని ఉండే రిలే పలకల స్థానంలో, ప్రోగ్రామును మార్చుకొనగల ఒక పెట్టెను ఉంచడం ఆయన ఉద్దేశం. ఈ యంత్రం ఉష్ణోగ్రత, పీడనం, నీటి ప్రవాహం వంటి సంకేతాలను చదువుతుంది. ప్రోగ్రాము ప్రకారం నిర్ణయిస్తుంది. మోటార్లకు, కవాటాలకు ఆజ్ఞ ఇస్తుంది. సెకనులో అనేకసార్లు ఇదే ఆవృత్తి సాగుతూ ఉంటుంది.

యంత్రంలోని సాఫ్ట్‌వేరుకు రెండు అంతస్తులున్నవి. పై అంతస్తులోని ప్రోగ్రామును కర్మాగారపు ఇంజనీర్లు వ్రాసుకుంటారు. దాని అడుగున, ప్రాసెసరును నడిపించే మూల సాఫ్ట్‌వేరును తయారీదారు సమకూరుస్తాడు. దీనినే ఫర్మ్‌వేర్ అంటారు. అందులో లోపాలు బయటపడినప్పుడు తయారీదారు సవరించిన ప్రతిని పంపుతాడు. ఈ ప్రక్రియను హిందీలో ‘అద్యతన్’ అంటారు, అనగా నేటిదిగా చేయడం. తెలుగులో ‘నవీకరణ’ అంటున్నాము. చేతిలోని ఫోనుకు అది నిమిషాల పని. కర్మాగారంలో, నేటిది గనుక మేలైనదని అనుకోవడానికి వీలులేదు.

2008 మార్చిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హాచ్ అణు విద్యుత్కేంద్రం ఇందుకు దృష్టాంతం. కార్యాలయ వ్యవస్థకు చెందిన ఒక కంప్యూటరులో సాఫ్ట్‌వేరును నవీకరించి తిరిగి ప్రారంభించారు. అందుతో నియంత్రణ వ్యవస్థలోని విలువలు చెరిగిపోయినవి. రియాక్టరును చల్లబరచే నీరు తగ్గినదని భ్రమించి రక్షణ వ్యవస్థ రియాక్టరును ఆపివేసినది. సుమారు 48 గంటలు ఆ రియాక్టరు మూతపడినది. అట్లని పాత ప్రతినే పట్టుకొని కూర్చోవడమూ క్షేమం కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇరాన్‌లో నియంత్రణ యంత్రాలను లోబరచుకొన్నది. 2015 డిసెంబరులో ఉక్రెయిన్ విద్యుత్ ఉపకేంద్రాలలో దుండగులు సమాచార పరికరాల ఫర్మ్‌వేరునే పాడుచేయగా, సిబ్బంది స్వయంగా వెళ్ళి చేతులతో స్విచ్చులు వేయవలసి వచ్చినది.

ఉక్కు కర్మాగారంలో అసలు చిక్కు, ఆపడానికి సమయం దొరకకపోవడం. కోక్ ఓవెన్ల సిలికా ఇటుకలు చల్లబడితే పగుళ్ళు వారుతాయి. అందుచేత ఒకసారి వేడెక్కిన బ్యాటరీని దాని జీవితకాలమంతా వేడిగానే ఉంచుతారు. బ్లాస్ట్ ఫర్నేస్ గోడలలో చల్లబరచే నీరు నిలిచిపోతే ఘోర ప్రమాదమే. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఫర్మ్‌వేరును మార్చేటప్పుడేమో ప్రాసెసరు సాధారణంగా తన పని మానుకొంటుంది. ఆ క్షణంలో ఏ కవాటం తెరచి ఉండాలో, ఏది మూసి ఉండాలో ముందే నిర్ణయించి, నీటి పంపులను చేతితో నడిపే ఏర్పాటు చేసుకొన్న తరువాతనే పని ఆరంభించాలి. నా దృష్టిలో తక్కిన జాగ్రత్తలన్నీ దీని తరువాతివే.

కనుక ఈ పనిని ముందే నిశ్చయించిన మరమ్మతు విరామంలో చేయడం యుక్తం. ముందుగా ప్రోగ్రామును, అమరికలను, ప్రస్తుత విలువలను ప్రతి తీసి భద్రపరచాలి. కొన్ని యంత్రాలలో నవీకరణ జ్ఞాపకాన్ని పూర్తిగా చెరిపివేస్తుంది. కొత్త ప్రతి ఈ నమూనా ప్రాసెసరుకు సరిపడునా, పక్కనున్న కమ్యూనికేషన్ మాడ్యూలు దానితో పొసగునా, వెనుకటి ప్రతికి మరల వీలున్నదా అన్నవి తయారీదారు పత్రాలలో చూడాలి. ఫైలును తయారీదారు నుండే పొంది, దాని డిజిటల్ సంతకాన్ని సరిచూడాలి. ఎవరి జేబులోనో ఉన్న పెన్ డ్రైవును నమ్మరాదు. అదే రకపు అదనపు ప్రాసెసరుపై ముందు ప్రయోగించాలి. వ్రాత మధ్యలో విద్యుత్తు పోతే యంత్రం మళ్ళీ లేవకపోవచ్చును గనుక బ్యాటరీ ఆధారం తప్పనిసరి. జంట ప్రాసెసర్లున్నచోట, తయారీదారు అనుమతించిన పక్షంలో, వేచి ఉన్నదానిని ముందు మార్చి, భారాన్ని దానికి అప్పగించి, తరువాత రెండవదానిని మార్చవచ్చు.

ఆదేశపత్రపు భాష సంగతి కూడ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. తయారీదారు పుస్తకం తరచు ఆంగ్లంలో ఉంటుంది. బస్తర్‌లో హల్బీ, గోండీ, హిందీ మాట్లాడేవారున్నారు, తెలుగువారూ ఉన్నారు. పంపు వద్ద చేతి చక్రం పట్టుకొని నిలుచున్న కార్మికునికి తాను ఏ సంజ్ఞకు ఏమి చేయవలెనో తన భాషలో ఒక కాగితం మీద ఉండాలి.

కొత్త ప్రతి ఎక్కిన తరువాత ప్రతి సంకేతాన్ని, ప్రతి అత్యవసర స్విచ్చును ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ పిమ్మటనే యంత్రాన్ని ఉత్పత్తికి అప్పగిస్తారు. పాత ప్రతి, తేదీతోను సంతకంతోను, తాళం వేసిన బీరువాలో ఉంటుంది.