గంట ఎప్పుడు మ్రోగాలి?

2019 అక్టోబరు 26 రాత్రి టెక్సస్ రాష్ట్రంలోని ఆడెస్సాలో, ఒక చమురు సంస్థకు చెందిన నీటి పంపుల కేంద్రంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడి ఒక ఉద్యోగి మరణించాడు. ఇల్లు చేరని భర్తను వెతుకుతూ వచ్చిన ఆయన భార్య కూడా అక్కడే ప్రాణాలు కోల్పోయింది. లోనికి వెళ్ళినప్పుడు ఆ ఉద్యోగి తన వాయు సూచికను ధరించలేదని అమెరికా రసాయన భద్రతా మండలి దర్యాప్తులో తేలింది.

అరచేతిలో ఇమిడే ఈ పరికరం సాధారణంగా నాలుగింటిని కనిపెడుతుంది: ప్రాణవాయువు, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. కొలవడం దాని పని; ఏ అంకె వద్ద గంట మ్రోగాలో నిర్ణయించడం మనుషుల పని. చిక్కంతా అక్కడే ఉన్నది.

కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడును ముక్కే పసిగడుతుందని చాలామంది నమ్మకం. కాని పదిలక్షల పాళ్ళ గాలిలో అది 100 పాళ్ళకు చేరేసరికి ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. ప్రాణాపాయ స్థాయి కూడ అదే. అందువల్ల చాలా పరికరాలలో మొదటి గంటను 10 వద్ద, రెండవదానిని 15 వద్ద అమర్చుతూ వచ్చారు. మొదటిది జాగ్రత్తపడుమనడానికి, రెండవది తక్షణం బయటపడుమనడానికి. 2010లో అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఎనిమిది గంటల సగటు పరిమితిని 1కి, స్వల్పకాల పరిమితిని 5కు తగ్గించింది.

మరి గంటను కూడా 1 వద్దనే పెట్టరాదా? పెట్టవచ్చును. అయితే తేమకు, ఉష్ణోగ్రతకు పరికరం చూపే అంకె కొంత అటూఇటూ అవుతుంది. అయినదానికీ కానిదానికీ గంట మ్రోగితే ‘నాన్నా పులి’ కథే! పనివారు దాని నోరు నొక్కివేస్తారు. కనుక సగటును లెక్కించే గంటను తక్కువ అంకె వద్ద, తక్షణ హెచ్చరికను దానికంటె కొంత పైన ఉంచడం వివేకం.

ప్రాణవాయువు సంగతి వేరు. గాలిలో అది 20.9 శాతం, 19.5కు తగ్గినా, 23.5ను మించినా ప్రమాదమని 1993 నాటి అమెరికా ఇరుకుచోట్ల నిబంధన చెబుతుంది. 19.5కు తగ్గడమంటే మరేదో వాయువు గాలిలో సుమారు 6.7 శాతం, అనగా పదిలక్షలకు 67,000 పాళ్ళు చేరినట్లు. అది విషవాయువైతే ప్రాణవాయువు గంట మ్రోగేలోగా మనిషి మిగలడు. ఒక గంట మరొకదాని పని చేయలేదన్నమాట.

మీథేన్ గాలిలో 5 శాతముంటే అంటుకుంటుంది. అందులో పదోవంతుకు, అంటే అర శాతానికే, గంట మ్రోగేలా అమర్చుతారు. అయితే మీథేనుతో సరిచూసిన పరికరం పెట్రోలు ఆవిరి వంటి బరువైన వాయువులను ఉన్నదానికంటె తక్కువగా చూపుతుంది. అట్టిచోట్ల అదే అంకెను నమ్ముకొనక, గంటను మరింత క్రిందికి దించాలి. ఏ అంకెను ఎంచుకున్నా, ప్రతిదినం పనికి ముందు తెలిసిన పాళ్ళు గల వాయువును కొద్దిగా తగిలించి, గంట నిజంగా మ్రోగుతున్నదో లేదో పరీక్షించాలి.