పెళ్లి ఒక్కటే – కాగితాలు వేరు



తిరువూరు హాస్టల్లో చేరేటప్పుడు కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం మన అమ్మానాన్నలు కూలి మానుకుని తిరిగిన రోజులు గుర్తున్నాయి కదా! ఎంత తిరిగినా మనకు కాగితం ఇవ్వవలసిన ప్రభుత్వం ఒకటుంది. అది కూడా లేని కుటుంబాల సంగతి పీజీకి వచ్చాకే మేము తెలుసుకున్నాం.

హైదరాబాద్ శివారు బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుండి వచ్చిన రోహింగ్యాలు గుడిసెల్లో బతుకుతున్నారు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశమూ లేనివారిని చేసింది.

సొంత దేశంలో ప్రాణభయం ఉందని రక్షణ అడిగి, నిర్ణయం కోసం ఎదురుచూసేవారు ఆశ్రయం కోరేవారు. ఆ భయం నిజమేనని గుర్తింపు పొందినవారు శరణార్థులు. 1951 శరణార్థుల ఒడంబడికలో మన దేశం చేరలేదు. అందుచేత రోహింగ్యాల విచారణ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థే జరిపి కార్డు ఇస్తుంది.

మరి భర్త శరణార్థి, భార్య ఇంకా ఆశ్రయం కోరే దశలోనే ఉంటే? కుటుంబాన్ని విడదీయరాదని 1951 నాటి సమావేశమే సిఫారసు చేసింది. పెళ్లి నిజమని తేలితే, భర్త గుర్తింపు ఆధారంగా భార్యకూ గుర్తింపు దొరికే వీలుంది.

అయితే ఆ కార్డు వీసా కాదు. 2025 సెప్టెంబర్ 1 నుండి అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు, వీసా లేనివారిని నిర్బంధించవచ్చు, తిప్పి పంపవచ్చు. ఇద్దరిలో ఒకరు పట్టుబడితే సంసారం రెండు ముక్కలే. రాజ్యాంగం 21వ అధికరణం విదేశీయుల ప్రాణాలకూ రక్షణ ఇస్తుందని 1996లో సుప్రీంకోర్టు చెప్పడం ఒక్కటే వారికి కొంత అండ.

భారతీయులను పెళ్లాడితే సరిపోతుందా? అదీ కాదు. 7 ఏళ్ల నివాసం తరువాతే పౌరసత్వానికి దరఖాస్తు చేయాలి. అక్రమంగా వచ్చినవారికి ఆ దారి మూసే ఉంది. 2004 డిసెంబర్ 3 తరువాత ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్రమ వలసదారైతే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదు.

విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. 1962 సైనిక పాలన తరువాత బర్మా వదిలి వచ్చిన మనవాళ్ల గుర్తు అది. వారికి తిరిగి రావడానికి ఒక దేశం ఉంది. వీరికి లేదు.

ఒకటి మాత్రం మరువకండి. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డ జననం నమోదు చేయవలసిందే, తల్లిదండ్రులు ఏ దేశం వారైనా సరే. అలాంటి తల్లి ఎదురుపడితే ఆ ఫారం నింపిపెడదాం. మన ఫారాలు కూడా ఎవరో ఒకరు నింపిపెట్టినవే కదా!