సిగరెట్ ముట్టని నాయనమ్మకు ఆయాసం ఎందుకు?

మీ నాయనమ్మ నాలుగు మెట్లెక్కగానే ఆగి రొప్పుతోందా? ‘పొగ తాగేవాళ్లకే కదా ఊపిరితిత్తులు పాడయ్యేది!’ అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. బీడీ, సిగరెట్లు పెద్ద కారణమే గానీ, నాయనమ్మ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదింది మరి. ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే.

ఆ పొగలో కంటికి ఆనని నలుసులుంటాయి. మన గాలి గొట్టాల లోపల ఉండే సన్నటి నూగు అలాంటి వాటిని కఫంతో పాటు పైకి నెట్టేస్తుంది. రోజూ పొగ తగిలితే ఆ నూగు దెబ్బతింటుంది. కఫం పేరుకుంటుంది, గొట్టాలు వాచి ఇరుకవుతాయి. తెగని దగ్గు వచ్చేది అందుకే.

ఇంకా లోపల కోట్లాది గాలి గదులున్నాయి. కొత్త బుడగ మూతి వదిలితే గాలి బుస్సున బయటికొస్తుంది. పదేపదే ఊది సాగిపోయిన బుడగలో ఆ బిగువుండదు. పొగకు పాడైన గదులూ అంతే. పాత గాలి లోపలే చిక్కుకుంటే కొత్త గాలికి చోటేదీ? అంటే నాయనమ్మకు ఊపిరి పీల్చడం కన్నా వదలడమే ఎక్కువ కష్టం! డాక్టర్లు ఈ జబ్బును సీఓపీడీ అంటారు. క్వారీ దుమ్ము వల్ల కూడా ఇది రావచ్చు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల ఎన్నో ఇళ్లకు గ్యాస్ పొయ్యి తెచ్చాయి. అయితే అప్పటికే పాడైన గదులు మళ్లీ బాగుపడవు. పొగ ఆగితే నష్టం నెమ్మదిస్తుంది, పీల్చే మందుతో గొట్టాలు కాస్త తెరుచుకుంటాయి. ఎంత ఇరుకయ్యాయో తెలుసుకోవడానికి ఆస్పత్రిలో గట్టిగా ఊదించి చూస్తారు. ఆ పరీక్ష పేరు స్పైరోమెట్రీ.