దిగులు దాచుకోవద్దు... దేవుడితో చెప్పుకో!
నల్లరేగడి పల్లెల్లో ఓదార్పు బాట

పుదూరు: అక్టోబరు వచ్చిందంటే చాలు, పుదూరు చుట్టుపక్కల పల్లెల్లో అందరి చూపూ ఆకాశం మీదే. ఇక్కడిది నల్లరేగడి నేల. మినుము, పెసర, మొక్కజొన్న, మిరప, పత్తి... చాలావరకు వానాధారమే. ఈశాన్య రుతుపవనం ముఖం చాటేస్తే విత్తనం మట్టిపాలు. ఎక్కువ కురిస్తే పైరు నీటిపాలు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లా వరదలో మునిగింది. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులోనే 90 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వాన రాకపోయినా దిగులే, వచ్చినా దిగులే!

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాల్లో, శివకాశి టపాసుల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లది ఇంకో దిగులు. పొద్దున పనికెళ్లిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలి. వీటికి తోడు అప్పు, పిల్ల పెళ్లి, పిల్లాడి చదువు. ‘ఏం చేసేదప్పా’ అన్న మాట వినపడని ఇల్లుండదు.

ఇలాంటి వేళ క్రైస్తవ కుటుంబాలకు ఆసరా ఏమిటి? విశ్వాసం ఇచ్చే ధైర్యం ఎలాంటిది? జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఈ మట్టిలోనే ఉంది.

బొగ్గు సిరాతో ఉత్తరం

కోవిల్‌పట్టి దగ్గర్లోని కామనాయక్కన్‌పట్టి పేరులోనే నాయకుల కాలం వినిపిస్తుంది. ఇక్కడి పరలోక మాత గుడి పాత మదురై మిషన్ నాటిది. ఏటా ఆగస్టు 15న పండుగ. ఆ మిషన్‌లో పనిచేసిన పోర్చుగీసు గురువు జాన్ డి బ్రిట్టోను తమిళులు అరుళానందర్ అంటారు. 1693 ఫిబ్రవరి 4న రామనాథపురం సీమలోని ఓరియూరులో ఆయన తల నరికారు. ముందు రోజు చెరసాల నుంచి తోటి గురువులకు ఉత్తరం రాశాడు. సిరా లేక బొగ్గుతోనే రాశాడని చెబుతారు. రేపు చావు తప్పదని తెలిసిన మనిషి తోటివాళ్లకు ధైర్యం చెప్పాడు. 1947లో రోమ్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది.

డేరాలో బతికి... శివకాశిలో కన్నుమూసి

రెండో కథ శివకాశిది. థామస్ గజెటన్ రాగ్లండ్ కేంబ్రిడ్జి కార్పస్ క్రిస్టి కాలేజీలో ఫెలో. చర్చి మిషనరీ సొసైటీ తరఫున మద్రాసు వచ్చాడు. ఆఫీసు పని వదిలి 1854లో ఉత్తర తిరునల్వేలి పల్లెలకు కదిలాడు. డేవిడ్ ఫెన్, రాబర్ట్ మెడోస్ తోడుగా ఊరూరా డేరా వేసుకుని తిరిగాడు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. వాక్యం వినేవాళ్లున్నా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు తక్కువ. నాలుగేళ్లు అలాగే గడిచాయి. 1858 అక్టోబరు 22న శివకాశిలో ఉన్నట్టుండి రక్తం కక్కుకుని కన్నుమూశాడు. పంట కళ్లజూడలేదు. విత్తి వెళ్లాడు. వాన రాకముందే దుక్కి దున్నే రైతుకు ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు.

పక్షీ గూట్లో కూర్చోదు

దిగులు పడొద్దని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. ఆకాశ పక్షులను, పొలంలో పూలను చూపించాడు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉందీ మాట. దీన్ని కొందరు ‘పని మానేసి కూర్చోమన్నాడు’ అనుకుంటారు. పక్షి మాత్రం గూట్లో కూర్చుంటుందా? తెల్లారకముందే మేతకు ఎగిరిపోతుంది. రేపటి బరువును ఇవాళే నెత్తికెత్తుకోవద్దన్నదే అందులోని సారం. విత్తడం మన పని. మొలకెత్తించడం మన చేతిలో లేదు.

‘నీకు విశ్వాసం తక్కువ, అందుకే భయం’ అనేవాళ్లూ ఉంటారు. దిగులు పడ్డవాడికి అది పుండు మీద కారం. బైబిలు అలా అనదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే, కన్నీళ్లే. గెత్సెమనే తోటలో యేసే కుమిలిపోయాడు. ముగ్గురు శిష్యులను పిలిచి తనతో మేలుకుని ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. ఆయనంతటివాడే తోడు అడిగినప్పుడు మనం అడగడానికి సిగ్గెందుకు?

తోడే మందు

గుడిలో ప్రార్థన అరవంలో సాగినా, తెలుగు ఇంట్లో అవ్వ గుండె బరువు దించుకునేది తెలుగులోనే. దేవుడికి భాష అడ్డం కాదు. ఇంట్లో రాత్రి అందరూ కలిసి పది నిమిషాలు కూర్చుని, ఎవరి దిగులు వాళ్లు పేరు పెట్టి చెప్పుకోవడం మంచి అలవాటు. ‘అప్పు గడువు దగ్గరపడింది’ అని భర్త నోరు విప్పితే సగం బరువు అక్కడే దిగుతుంది. చుట్టుపక్కలవాళ్లు వంతులవారీగా కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లి పలకరించడం, వీలైతే గంజి కాచి ఇవ్వడం కూడా ప్రార్థనలో భాగమే. ఒకరి భారం ఒకరు మోయాలన్నది పౌలు బోధ. ఆయన ఫిలిప్పీ సంఘానికి సంతోషం గురించి ఉత్తరం రాసింది చెరసాలలో ఉండగానే.

ప్రార్థనతో అప్పు తీరిపోతుందని, జబ్బు మాయమైపోతుందని గ్యారంటీ ఇచ్చేవాళ్లతో జాగ్రత్త. డి బ్రిట్టో చెర తప్పించుకోలేదు. రాగ్లండ్ జబ్బు నయం కాలేదు. వాళ్లకు దొరికింది తప్పించుకునే దారి కాదు, ఒంటరిగా లేమన్న నమ్మకం.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది విశ్వాసానికి వ్యతిరేకం కాదు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా! కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416. ఫోను ఉచితం. తమిళం, తెలుగు సహా పలు భాషల్లో పగలూ రాత్రీ మాట్లాడొచ్చు.

మేఘం పట్టిందా, లేదా అని పుదూరు రైతు రేపూ తలెత్తి చూస్తాడు. ఆ చూపులో దిగులుంటుంది. అయినా భుజాన నాగలి ఉంటుంది. ఆశ అంటే అదే!