హారన్ కొడితే దారి వస్తుందా?

సాయంత్రం ఆరున్నరకు హైదరాబాద్ అమీర్‌పేటలో సిటీ బస్సు ఆగే తీరు గమనించండి. బస్‌బేలో అప్పటికే షేర్ ఆటోలు బారులు తీరి ఉంటాయి. ఎక్కాల్సినవాళ్ళు వాటిని దాటుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడతారు. డ్రైవర్ చేసేది లేక రెండో వరుసలోనే బస్సు ఆపేస్తాడు. వెనకున్న బైకు హారన్ అందుకుంటుంది, దాని వెనక కారు, ఆ వెనక ఇంకో బస్సు. ముందు ఏం అడ్డొచ్చిందో చివరివాడికి తెలియనే తెలియదు, అయినా కొడతాడు.

మనవాళ్ళకు క్రమశిక్షణ లేదని తిట్టుకుని ఊరుకోవడం సులువు. నాకు మాత్రం ఇది చోటు కోసం జరిగే పోట్లాటలా కనిపిస్తుంది. బస్సుకు ఆగే తావు లేదు, ఆటోకు స్టాండు లేదు, నడిచేవాడికి ఫుట్‌పాత్ లేదు. అలాంటి రోడ్డు మీద ఎవరి చోటు వాళ్ళు అరిచి సంపాదించుకోవాల్సిందే.

చట్టాలకైతే లోటు లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అక్కడ పగటి పరిమితి 50. అనవసరంగా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి వెయ్యి రూపాయలు, ఆపైన రెండు వేలు జరిమానా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లోనే హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో శబ్దాన్ని కొలిచే కేంద్రాలు పెట్టడం మొదలెట్టింది. ఆ అంకెలు రోడ్ల నమూనాలు గీసేవాళ్ళ బల్ల మీదికి కూడా చేరాలి.

డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. రోడ్డు మీద బండ్లు సగానికి సగం తగ్గినా మోత తగ్గేది మూడు డెసిబెల్సే. అదే మోత చెవికి సగమైనట్టు అనిపించాలంటే సుమారు పది తగ్గాలి. కాబట్టి ఏ ఒక్క మందుతోనూ ఈ జబ్బు నయం కాదు. బండ్లు తగ్గాలి, వేగం తగ్గాలి, హారన్ తగ్గాలి, మూడూ కలిసి రావాలి.

‘అందరూ ఎలక్ట్రిక్ బండ్లు కొంటే సరి’ అనేవాళ్ళున్నారు. సగమే నిజం. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఇంజిన్ మోతదే పైచేయి కాబట్టి, ఆగుతూ కదులుతూ పోయే సిటీ బస్సు డీజిల్ నుంచి కరెంటుకు మారితే తేడా బాగా తెలుస్తుంది. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన పదహారు వేల పైచిలుకు బస్సులనూ అలాగే మార్చేసింది. వేగం పెరిగే కొద్దీ టైర్లకూ రోడ్డుకూ మధ్య పుట్టే రొదే ఇంజిన్‌ను మించిపోతుంది, దానికి బ్యాటరీ ఏమీ చేయలేదు. పైగా ఎలక్ట్రిక్ స్కూటరుకూ హారన్ ఉంటుంది!

వేగం సంగతి రాత్రిపూట చూడాలి. పగలు మన రోడ్ల మీద గంటకు 30 కిలోమీటర్లు దాటితే అదృష్టమే. రాత్రి పదకొండు తర్వాత అదే రోడ్డు రేసు ట్రాక్. ఫ్లైఓవర్ పక్క అపార్టుమెంటులో మూడో అంతస్తువాళ్ళనడగండి, రోడ్డు వాళ్ళ కిటికీ ఎత్తుకు లేచి వచ్చిన సంగతి చెబుతారు. సైలెన్సర్ మార్పించిన ఒక్క బైకు చాలు, వీధి వీధంతా లేచి కూర్చోడానికి. పారిస్ 2021 ఆగస్టు నుంచి చాలా వీధుల్లో 30 పరిమితి పెట్టింది. ప్రమాదాలతో పాటు మోత తగ్గించడమూ అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

హారన్ విషయంలో మాత్రం మన పొరుగునే పాఠం ఉంది. 2017 ఏప్రిల్ 14న, నేపాలీ ఉగాది రోజున, ఖాట్మండు లోయలో అనవసరపు హారన్‌ను నిషేధించారు. ఇరుకు సందులు, బైకుల వరద, మన పాతబస్తీకి ఏమాత్రం తీసిపోని రద్దీ. అయినా మోత బాగా తగ్గింది. ముంబయి ట్రాఫిక్ పోలీసులు 2020లో ఇంకో చమత్కారం చేశారు. సిగ్నల్ దగ్గర మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. చూడ్డానికి సరదాగానే ఉంది కానీ, ప్రతి కూడలిలోనూ అలా నిలబెట్టడం కుదిరే పని కాదు. లారీల వెనక ‘సౌండ్ హారన్’ అని రాయించుకుని తిరిగే దేశంలో అలవాటు మారడానికి జరిమానా కొంతే పనిచేస్తుంది.

నన్నడిగితే డబ్బు ముందు బస్సులకు పెట్టాలి. ఒక డీజిల్ బస్సు ఒక బైకు కంటే ఎక్కువ మోత చేస్తుంది, కాదనను. కానీ అందులో అరవై మంది ఉంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత బస్సు ప్రయాణ పథకాలు మొదలయ్యాక మహిళలతో బస్సులు కిటకిటలాడుతున్నాయి. ఆ రద్దీకి తగినన్ని బస్సులు రాకపోతే, స్టాపులో నిలబడి విసిగినవాడు వాయిదాల మీద బైకు తీసుకుంటాడు. హైదరాబాద్ మెట్రోదీ అదే కథ. 69 కిలోమీటర్ల మార్గం ఉన్నా, స్టేషన్ మెట్లు దిగాక ఇల్లు చేరడానికి ఫుట్‌పాత్ ఉండాలి. ఆ ఫుట్‌పాత్ మీద ఇవాళ పార్కింగ్, కొబ్బరిబొండాల బండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. బొండాల బండి బతుకుతెరువు, దానికి పక్కనే చోటు చూపించవచ్చు. ముందుగా ఖాళీ చేయించాల్సింది పార్కింగ్‌నే.